వినుకొండ సీమ దొరతనం ఎందుకు కూలింది?

1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు విధానం కింద సన్నదులిచ్చే నాటికి గుంటూరు సీమను పంచుకుని ఏలుతున్నవి కొద్ది వంశాలు. చింతపల్లి, అమరావతి కేంద్రాలుగా వాసిరెడ్డివారు, చిలకలూరిపేట, సత్తెనపల్లి వైపు మానూరివారు, రేపల్లెలో మాణిక్యారావువారు, పడమటి మెట్టన వినుకొండ, బెల్లంకొండ పరగణాలకు మల్రాజువారు. 1850 వచ్చేసరికి వీటిలో ఒక్క జమీ కూడా వాళ్ల చేతుల్లో లేదు. కిస్తులు బాకీపడి, అమానీలోకి, అంటే సర్కారు నేరు అజమాయిషీలోకి పోయి, వేలానికి వచ్చి, కొనేవాళ్లు లేక అన్నీ సర్కారుకే దఖలుపడ్డాయి. వెంకటగిరి, బొబ్బిలి, పిఠాపురం, విజయనగరం కూడా అదే కంపెనీ ఏలుబడి కిందికి వచ్చాయి. అవి మాత్రం 1948లో జమీందారీ రద్దు చట్టం వచ్చేదాకా నిలిచాయి.

ఒకే సీమలో, ఒకే తరంలో, కులమూ నేలా వేరువేరైన వంశాలన్నీ కలిసికట్టుగా పడిపోవడం మామూలు సంగతి కాదు. దీనికి నూటయాభై ఏళ్లుగా రకరకాల కారణాలు చెబుతూ వచ్చారు. దొరల దుబారా అన్నవాళ్లున్నారు, కరువన్నవాళ్లున్నారు, కచేరీ గుమాస్తాల కుట్ర అన్నవాళ్లున్నారు, దాయాదుల వ్యాజ్యాలన్నవాళ్లూ ఉన్నారు. ఈ వాదాలను మల్రాజువారి వినుకొండ సీమ మీద ఆనించి చూడటమే ఈ వ్యాసం పని.

కోట నుంచి కచేరీకి

వినుకొండ దుర్గం మొదట్నుంచీ ఒకరి సొత్తుగా నిలిచింది కాదు. రెడ్డిరాజులు, గజపతులు దాన్ని ఏలారు. ఉదయగిరి గెలిచి కొండవీటి మీదికి నడిచిన శ్రీకృష్ణదేవరాయలు 1515లో దారిలో అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ దుర్గాలను పట్టుకున్నాడు. 1579లో కొండవీడు గోల్కొండ చేతికి చిక్కి ముర్తజానగర్ సర్కారు అయింది. కోటలకున్న ప్రాధాన్యం అక్కడితో తగ్గి, లెక్కల పుస్తకానిది పెరిగింది.

గోల్కొండవారి పద్ధతిలో పరగణాకు దేశముఖి పెద్ద. శిస్తు వసూలు అతని బాధ్యత. దేశపాండ్య, మజుందారు లెక్కలు చూసేవారు. ఇందుకు ప్రతిఫలంగా వసూళ్లలో రుసుము, కొంత సవరం భూమి అనుభవించేవారు. గుంటూరు సీమ జమీందారులు ఎక్కువమంది ఇలా ఉద్యోగం నుంచి ఎదిగినవారే. మానూరివారు బ్రాహ్మణులు, వాసిరెడ్డివారు కమ్మవారు, మల్రాజువారు పద్మనాయక వెలమలు. పద్దెనిమిదో శతాబ్దంలో హైదరాబాదు పట్టు సడలేకొద్దీ ఈ ఉద్యోగులు సిబ్బందీని, అంటే సాయుధ బలగాన్ని పెంచుకున్నారు, కోటలు కట్టుకున్నారు, రాజా అనిపించుకున్నారు. అట్లూరు అనే పల్లె మల్రాజు నరసారాయుని పేరున నరసరావుపేట అయింది. ఆ ఊళ్లో ‘రాజాగారి కోట’ అన్న పేరు ఇప్పటికీ వాడుకలో ఉంది. కోటప్పకొండ మెట్లదారిని ఆ వంశం పేరుతోనే చెప్పుకుంటారు. కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి రాయించిన గుంటూరు సీమ కైఫీయతుల్లోనూ ఈ దొరల ఏలుబడి ప్రస్తావనలు కనిపిస్తాయి.

ఉత్తర సర్కారుల్లో మిగిలినవి 1766 ఒప్పందంతో కంపెనీకి దక్కినా గుంటూరు దక్కలేదు. అది నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ జాగీరు. అతను 1782లో చనిపోయినా కంపెనీకి స్వాధీనమయ్యేసరికి 1788 అయింది. అంటే ఇక్కడి దొరలకు తెల్లవాళ్లతో వ్యవహారం ఇరవై రెండేళ్లు ఆలస్యంగా మొదలైంది. పద్నాలుగేళ్లు తిరక్కుండానే శాశ్వత శిస్తు వచ్చి మీదపడింది.

1802లో పోయినవేమిటి?

శాశ్వత శిస్తు జమీందారుకు భూమి మీద స్థిరమైన హక్కు ఇచ్చిందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. సగం నిజం. అదే కలంతో అది లాక్కున్నవి చూడాలి. ఉప్పు, సుంకాలు, అబ్కారీ రాబడి సర్కారుది అయింది. పోలీసు అధికారం పోయింది. సిబ్బందీని నిలుపుకునే అవసరమూ అవకాశమూ పోయాయి. తగవులు తీర్చే పని జిల్లా కోర్టుకు వెళ్లింది. కరణాలకు వేరే శాసనం వచ్చింది. కరణం రాసే లెక్క దొర ఇష్టానుసారం కాక సర్కారు నిబంధన ప్రకారం నడవాలి. ఇన్ని తీసేశాక జమీందారుకు మిగిలిన పని ఒక్కటే: రైతు దగ్గర వసూలు చేసి, అంచనా రాబడిలో ఇంచుమించు మూడింట రెండు వంతులు పేష్కషుగా కట్టడం.

పేష్కషు పైసా పెరగదు, పైసా తగ్గదు. వాన కురవలేదనో వరద వచ్చిందనో మినహాయింపు అడగడానికి వీల్లేదని సన్నదులోనే ఉంది. కృష్ణ ఒడ్డు లంకలకైతే ఈ షరతు కొంత నయం. వినుకొండ మెట్టలో జొన్న, సజ్జ, ఆముదం, పత్తి అన్నీ ఆకాశాన్ని నమ్ముకున్నవే. ఒక ఏడు గరిసెలు నిండితే రెండేళ్లు గింజ ఉండదు. అలాంటి నేల మీద ఏటేటా మారని నగదు కిస్తు వేయడమంటే, చెడ్డ ఏడాది నష్టమంతా దొర నెత్తిన, దొర నుంచి రైతు నెత్తిన పెట్టడమే.

పాత రోజుల్లో బాకీపడిన జమీందారు బేరం ఆడేవాడు. కొండల్లోకి జారుకునేవాడు, పక్క దొరతో పొత్తు కట్టేవాడు, చివరికి నజరానా పట్టుకుని దర్బారుకు వచ్చేవాడు. మళ్లీ పీఠం దక్కేది. 1802 తరవాత ఆ దారి మూసుకుపోయింది. కిస్తు తప్పితే జప్తు, జప్తు తీరకపోతే వేలం. కొత్త ఏలుబడిలో బాకీ ఒక అంకె. దానితో మాట్లాడి ఒప్పించడం కుదరదు.

దుబారా వాదం

కంపెనీ అధికారుల నివేదికల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. దొరలు సోమరులు, అప్పులపాలైనవాళ్లు, ఏనుగులకీ భోగంమేళాలకీ తగలేశారని. దీనికి ముందుగా చూపే ఉదాహరణ వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు. అమరావతి పట్నం కట్టించి, గుళ్లకు గోపురాలెత్తించి, దానధర్మాలతో పేరు మోసినవాడు. ఆ సీమలో అంత ఖర్చుపెట్టిన దొర మరొకడు లేడు. కానీ 1816లో కన్నుమూసేదాకా జమీ అతని చేతిలోనే ఉంది. ఊడిపోయింది తరవాతి తరంలో. దుబారాయే కారణమైతే మొదట పడిపోవలసినవాడు చివరిదాకా నిలిచాడు.

పైగా దొర ఖర్చును వ్యసనం కింద జమకట్టడం ఆ కాలాన్ని అర్థం చేసుకోకపోవడమే. అన్నసత్రం, గుడి మాన్యం, పండితుడికి అగ్రహారం, తిరునాళ్లలో పెద్దరికం ఇవన్నీ అధికారం నిలుపుకునే సాధనాలు. సైన్యం, న్యాయం తీసేశాక దొరకు జనం మీద మిగిలిన పట్టు దానమే. అది మానితే దొరతనం పోతుంది, మానకపోతే జమీ పోతుంది.

కరువు వాదం

1832-33లో వచ్చిన నందన కరువు గుంటూరు సీమ చరిత్రలో కెల్లా ఘోరమైనది. సుమారు అయిదు లక్షల జనాభాలో లక్షన్నర నుంచి రెండు లక్షల మంది చనిపోయారని అప్పటి అంచనాలు. పశువులు పోయాయి, ఊళ్లకు ఊళ్లు బీడుపడ్డాయి. శిస్తు కట్టే చేతులే లేనప్పుడు పేష్కషు ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ తరవాత ఏ జమీ కోలుకోలేదన్నది నిజం.

అయినా కరువొక్కటే కారణమనడానికి రెండు అడ్డంకులు. కరువుకు ముందే బాకీలు పేరుకుని ఉన్నాయి. ధాన్యం ధరలు పడిపోవడం, తీరంలో కంపెనీ బట్టల కొనుగోళ్లు తగ్గిపోవడం సీమలో నగదును ఎండగట్టాయి. రెండోది, పక్కనే నెల్లూరు సీమనూ ఆ కరువు తాకింది. అయినా వెంకటగిరి పోలేదు. కరువు చివరి దెబ్బ కొట్టింది, అంతే.

కచేరీ వాదం

అమెరికన్ చరిత్రకారుడు రాబర్ట్ ఎరిక్ ఫ్రైకెన్‌బర్గ్ 1965లో గుంటూరు జిల్లా మీద వెలువరించిన పుస్తకం ఈ చర్చను కొత్త దారి పట్టించింది. 1788 నుంచి 1848 దాకా కలెక్టరు కచేరీ కాగితాలు తిరగేసి ఆయన తేల్చిందేమంటే, జిల్లాను ఏలింది కలెక్టరూ కాదు జమీందారూ కాదు, మధ్యనున్న హుజూరు ఉద్యోగులు, పల్లె పెద్దలు. దేశస్థ బ్రాహ్మణ శిరస్తాదార్లు కచేరీని గుప్పిట్లో పెట్టుకున్నారు. న్యాపతి శేషగిరిరావు వంటి శిరస్తాదారు మాటే చెల్లింది. కింద కరణం, పైన శిరస్తాదారు చేతులు కలిపితే సాగయిన పొలం బీడుగానూ, వసూలైన శిస్తు బాకీగానూ మారేది. లోపలినుంచి తొలిచే చెదపురుగులతో ఫ్రైకెన్‌బర్గ్ వీళ్లను పోల్చాడు.

జమీలు అమానీ కిందికి వచ్చాక కూడా రాబడి పెరగకపోవడం ఈ వాదానికి బలం. దొర అసమర్థుడే కారణమైతే అతన్ని తప్పించాక ఖజానా నిండాలి. నిండలేదు. చివరికి 1845లో వాల్టర్ ఎలియట్‌ను కమిషనర్‌గా పంపి విచారణ జరిపించాల్సి వచ్చింది. అదే ఎలియట్ ఆ రోజుల్లోనే అమరావతి స్తూపం శిల్పాలను తవ్వి తీయించాడు. ఒక చేత్తో కూలిన జమీందారీల లెక్క తేలుస్తూ రెండో చేత్తో వాసిరెడ్డివారి ఊరి రాళ్లను మద్రాసు పంపించాడు. అవి తరవాత లండన్ చేరాయి.

ఈ వాదంలో ఒక లోపం ఉంది. లంచగొండి కచేరీలు గుంటూరుకే పరిమితం కావు. విశాఖలోనూ నెల్లూరులోనూ శిరస్తాదార్లు ఉన్నారు, కరణాలు ఉన్నారు. అక్కడ జమీలు ఎలా బతికాయో ఈ వాదం చెప్పదు.

వ్యాజ్యాల వాదం

వాసిరెడ్డి వెంకటాద్రినాయుడికి కొడుకులు లేరు. మొదట జగన్నాథబాబును, అతను బతికుండగానే రామనాథబాబును దత్తత తీసుకున్నాడు. ఇద్దరి మధ్యా మొదలైన దావా వాళ్ల భార్యల దాకా సాగి లండన్ ప్రీవీ కౌన్సిల్‌కు ఎక్కింది. ఒక దత్తపుత్రుడుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తీర్పు వచ్చింది. రంగమ్మ, అచ్చమ్మ వ్యాజ్యంగా హిందూ ధర్మశాస్త్రం చదివే న్యాయవిద్యార్థులకు అది ఈనాటికీ పాఠం. తీర్పు వచ్చేసరికి పంచుకోవడానికి జమీ లేదు. ఏళ్ల తరబడి నడిచిన దావాను వకీళ్లు, షావుకార్లు తిన్నారు.

పాత పద్ధతిలో వారసత్వం తగవు సీమలోనే తేలేది. బలమున్నవాడు గెలిచేవాడు, ఓడినవాడికి జీవనాధారంగా ఊళ్లు ఇచ్చేవారు. ఇది న్యాయమని చెప్పను, కానీ త్వరగా తెగేది. కొత్త కోర్టులో న్యాయం దొరికింది, ఆస్తి దొరకలేదు. అయితే వ్యాజ్యం వాసిరెడ్డివారి పతనానికి చెప్పినంత సూటిగా తక్కిన వంశాల పతనానికి సమాధానం చెప్పదు.

నిలిచినవి ఎందుకు నిలిచాయి?

నాలుగు వాదాలూ పడిపోయినవాళ్ల వైపే చూస్తాయి. నిలిచినవాళ్ల వైపు చూస్తే అసలు తేడా బయటపడుతుంది.

వెంకటగిరి, కాళహస్తి వంటి పడమటి పాళేలకు పేష్కషు లెక్కగట్టిన తీరు వేరు. వాళ్లు అంతకుముందు నవాబుకు చేసిన సైనిక సేవకు, కట్టిన కప్పానికి వెలకట్టి మొత్తం నిర్ణయించారు. ఊరూరా రాబడి తీసి కాదు. అందుచేత దొరకు మిగులు ఉండేది. గుంటూరు జమీందారులు దేశముఖి, మజుందారీ ఉద్యోగాల నుంచి వచ్చినవాళ్లు. వాళ్ల ఊళ్ల లెక్కలు సర్కారు దఫ్తరంలో ముందే ఉన్నాయి. ఏ ఊరు ఎంత ఇస్తుందో తెలిసిన సర్కారు పిండగలిగినంతా పిండింది. కత్తితో ఎదిగినవాడికి కొంత వెసులుబాటు దొరికింది, కలంతో ఎదిగినవాడిని అతని కలమే పట్టించింది.

విజయనగరం కథ ఇంకా స్పష్టం. అప్పుల్లో కూరుకుపోయిన రాజా 1827లో జమీని కలెక్టరు అజమాయిషీకి వదిలి కాశీకి వెళ్లిపోయాడు, అక్కడే పోయాడు. అప్పులు తీర్చి జమీని మళ్లీ వారసుడికి అప్పగించారు. 1794లో పద్మనాభం దగ్గర చినవిజయరామరాజును చంపిన కంపెనీకి ఆ వంశం జనంలో ఎంత లోతుగా నాటుకుందో తెలుసు. కొండ సరిహద్దులో అల్లర్లు రేగకుండా ఉండాలంటే రాజావారి పేరు కావాలి. వినుకొండ దొరకు ఆ ధీమా లేదు. అతన్ని తీసేస్తే తిరగబడేవాళ్లు లేరని సర్కారుకు అర్థమైంది. నిలిచినవాళ్లకు ఆ తరవాత చట్టమూ గొడుగు పట్టింది: 1904 నాటి అవిభాజ్య ఎస్టేట్ల చట్టం జాబితాకెక్కిన జమీలను ముక్కలు కాకుండా, ఇష్టమొచ్చినట్టు అమ్ముడుపోకుండా కాపాడింది. గుంటూరు వంశాలకు ఆ గొడుగు అందేసరికే అరవై ఏళ్లు ఆలస్యం.

దొర పోయాక రైతుకు ఏమైంది?

పతనం గురించి రాసేవాళ్లు ఎక్కువగా మరచేది ఈ ప్రశ్నే. వినుకొండ రైతు జమీందారును వదిలించుకుని సర్కారు రైతయ్యాడు. 1859లో గుంటూరు కలెక్టరేటునే ఎత్తేసి కృష్ణా జిల్లాలో కలిపారు. మళ్లీ జిల్లా అయింది 1904లో. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి డెల్టా పచ్చబడింది. మెట్టకు చుక్క నీరు రాలేదు. వినుకొండ సీమ నీటికోసం నాగార్జునసాగర్ దాకా, 1967లో కాలువలకు నీళ్లు వదిలేదాకా ఆగాల్సి వచ్చింది. దొర పోయిన తరవాత నూట ఇరవై ఏళ్లకు గానీ ఆ నేలకు దొరతనం చేయని మేలు దక్కలేదు.

సర్కారే భూస్వామి అయినప్పుడు కొత్త పీడనలూ వచ్చాయి. పక్కనున్న పల్నాడు తాలూకాలో అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమన్నందుకే కన్నెగంటి హనుమంతు ఎదురుతిరిగి 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు. జమీందారు లేనంత మాత్రాన కుల పెత్తనం తగ్గలేదన్నదానికి సాక్ష్యం వినుకొండలోనే పుట్టింది. కవి గుర్రం జాషువా 1895లో పుట్టేనాటికి అక్కడ జమీ పోయి ఇంచుమించు అర్ధశతాబ్ది. అయినా అంటరానితనం మీద ‘గబ్బిలం’ రాయాల్సిన అవసరం 1941లో ఉంది.

1948లో జమీందారీ రద్దు చట్టం వస్తే తెలుగునాట చాలాచోట్ల పండగ చేసుకున్నారు. వినుకొండకు అది పాత వార్త. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో వినుకొండ ఓటర్లు కమ్యూనిస్టు నాయకుడు పులుపుల వెంకటశివయ్యను గెలిపించారు. నరసరావుపేట ప్రాంతంలో రైతు కుటుంబం నుంచి వచ్చిన కాసు బ్రహ్మానందరెడ్డి 1964లో ముఖ్యమంత్రి అయ్యారు. 1959 తరవాత పంచాయతీ సమితి అధ్యక్షులు పరగణా పెద్దలయ్యారు. 1984లో కరణం, మునసబు ఉద్యోగాలు రద్దయ్యాయి. దేశముఖి నుంచి కరణం దాకా ఉన్న నిచ్చెనలో చివరి మెట్టు అలా ఊడింది.

మల్రాజువారికి మిగిలింది దేవుడి కొలువు. కోటప్పకొండ త్రికోటేశ్వరస్వామి ఆలయానికి ఆ వంశం వారు వంశపారంపర్య ధర్మకర్తలుగా కొనసాగుతూ వచ్చారు. 1987 దేవాదాయ చట్టం అలాంటి వారసత్వ హక్కులను కొట్టేసింది. 1996లో సుప్రీంకోర్టు ఆ దెబ్బను కొంత మెత్తబరిచి, ఆలయ స్థాపకుల కుటుంబాలకు ధర్మకర్తల మండలిలో స్థానం ఉండాలంది. రాజ్యం, భూమి, కచేరీ అన్నీ పోయాక కూడా శివరాత్రి ప్రభల మధ్య వంశం పేరు నిలవడం ఈ దేశంలోనే సాధ్యం.

కథల్లో జమీందారు

మన సాహిత్యం ఈ పతనాన్ని రెండు కళ్లతో చూసింది. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’లో సుబ్బన్నపేట జమీ కూలడం ఒక ధర్మవ్యవస్థ కూలడం. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ అదే గుంటూరు నేల నుంచి, పాలేరు గుడిసె నుంచి చూసింది. బయట చూస్తే, ఇటలీలో లాంపెడూసా ‘ది లెపర్డ్’, బెంగాల్‌లో సత్యజిత్ రాయ్ ‘జల్సాఘర్’ రెండూ 1958లోనే వచ్చాయి. సిసిలీ ప్రభువు కొత్త రాజకీయంతో వియ్యమందితే, బెంగాలీ జమీందారు చివరి సంగీత కచేరీకి ఆఖరి రూపాయి ఊడ్చిపెట్టాడు. రెండు కథల్లోనూ పతనం ఒక మనిషి స్వభావంలోంచి నడుస్తుంది. నవలకూ సినిమాకూ అది కావాలి. చరిత్రకు అది చాలదు.

తీర్పు

గుంటూరు సీమ దొరలను వాళ్ల భోగం కూల్చలేదు. కరువు, కచేరీ, కోర్టు తలో చెయ్యీ వేశాయి. అసలు కారణం 1802 ఏర్పాటు: కత్తి, తీర్పు, సుంకం, లెక్క అన్నీ తీసేసుకుని బాకీ మాత్రం దొర పేర ఉంచడం, అదీ వాన గ్యారంటీ లేని నేల మీద. దొర చేసే పని పోయాక దొర ఎవరికీ అక్కర్లేదు; ఆయన్ను కాపాడటానికి రైతుకూ, సర్కారుకూ కారణం లేకపోయింది. అలాగని జాలిపడాల్సిన పనీ లేదు. ఆ దొరతనం ఉన్నప్పుడు మెట్ట రైతు సుఖపడ్డ దాఖలా లేదు, మాలపల్లెకు గౌరవం దక్కిన దాఖలా లేదు.

ఒక పని మాత్రం మిగిలింది. 2022 ఏప్రిల్‌లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఈ సీమ కథ చెప్పే రెవెన్యూ బోర్డు కాగితాలు చెన్నై ఎగ్మూరులో ఉన్నాయి. కైఫీయతులు తలో చోటా అచ్చయ్యాయి. వాటి నకళ్లనూ, పాత కుటుంబాల దస్త్రాలనూ, కరణాల ఇళ్లలో చెదలు తింటున్న లెక్కపుస్తకాలనూ ఒక్కచోట చేర్చి జిల్లా కేంద్రంలో దఫ్తరం పెట్టాలి. అది దొరల గొప్ప చెప్పుకోవడానికి కాదు. శిస్తు ఎవరు కట్టారో, ఎవరు తిన్నారో, ఎవరు చచ్చారో వాళ్ల మనవలు చదువుకోవడానికి. జిల్లా యంత్రాంగం, ఇక్కడి కళాశాలల చరిత్ర శాఖలు పూనుకుంటే ఇది కష్టమైన పనేమీ కాదు.